నా సీతాఫలానికి గడువు తేదీ

మా ఆడబిడ్డ మీద నాకు కోపం ఉంది. కరీంనగర్‌లో వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్న నాటి కోపం అది. నేను ఇష్టంగా చేసి తీసుకుపోయిన చెక్క పండ్లను ఆమె ఇత్తడి పళ్లెంలో పెట్టింది. బాగానే ఉంది. కానీ అదే పళ్లెంలో నిజం బత్తాయిలు కూడా పెట్టింది. చుట్టాల్లో ఒక పెద్దాయన మాటల్లో పడి, చూడకుండానే చేయి చాపి, నా జామకాయను తీసుకుని కొరికాడు. ఇల్లంతా నవ్వింది. ఆయన దవడ పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మా ఆడబిడ్డ ఏమన్నదో నాకు పొల్లుపోకుండా గుర్తుంది.

"అయ్యో మామా, పరేషాన్ గాకుండ్రి. గవి తినేటియి గావు. మా మర్దలు చెక్కకు రంగులేస్తది."

రంగులేస్తది! చెక్క కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి లప్పం పట్టించి, సుద్ద పూసి, గరుకు కాగితంతో రుద్దేది ఇంకెవరో, చివర్లో కూర్చుని కుంచె తిప్పేది నేను అనుకుని వెళ్లారు ఆ రోజు వచ్చినవాళ్లంతా. ఆ మాటను సరిదిద్దమని తర్వాత చాలాసార్లు అడిగాను. "ఇంక గదే యాదికున్నదా నీకు?" అంటుంది. ఉంది. ఎందుకుండదు?

అదే ఆడబిడ్డ నన్ను ఈ వెబ్‌సైటు గొడవలోకి దింపింది.

మాది నిర్మల్. బొమ్మలు చేసే ఇల్లు. మా బాపు అన్నకూ నాకూ ఒకే బల్ల దగ్గర పని నేర్పాడు. అన్న చేయి జంతువుల మీద బాగా తిరిగేది, నా చేయి పండ్ల మీద. పని అయిపోయిన పండులో ఎక్కడా చెక్క కనిపించకూడదని బాపుకు పట్టింపు. తొడిమ కింద, అడుగున, ఎవరూ తిప్పి చూడని చోట కూడా రంగు అందాలి. గోరంత చెక్క కనబడినా ఆ పండు మళ్లీ నా ముందుకు వచ్చేది. "చెక్క అగుపడ్డదంటే పని ఒడువలేదన్నట్టే బిడ్డా" అనేవాడు. ఇంట్లో వాటిని బొమ్మలని కూడా అనేవాళ్లం కాదు. "దానిమ్మలు ఎండినయా?", "మామిడికాయలు లోపల పెట్టుండ్రి, మొగులైతుంది" ఇవే మాటలు. జాతరలో దుకాణం పెడితే బాపు వాటి మీద నీళ్లు చిలకరించి, మధ్యమధ్య నిజం ఆకులు గుచ్చేవాడు. మనిషి ధర అడగకముందు వంగి వాసన చూడాలి. అప్పుడు బాపు మీసం కదిలేది.

పెళ్లయ్యాక బెల్లంపల్లి పోయాను. మా ఆయనది బొగ్గుబాయిలో గాలి పంకా నడిపే పని. కంపెనీ క్వార్టర్‌లో కిటికీ తెరిస్తే తడి రంగు మీద బొగ్గు నుసి పడేది. మండే ఎండాకాలంలో కూడా తలుపులు మూసుకుని పండ్లు చేశాను. చేసినవన్నీ గుడ్డల్లో చుట్టి నిర్మల్‌లో అన్న దుకాణానికి పంపేదాన్ని. మా ఆయన రిటైరయ్యాక మేము కూడా నిర్మల్‌కే వచ్చి అద్దెకున్నాం. దుకాణం బోర్డు మీద ఇప్పటికీ అన్న పేరే. కొనేవాళ్లు నా సీతాఫలాన్ని చేతిలో తిప్పి చూస్తూ ఇది ఎవరు చేశారని అడిగితే, నేను అక్కడే నిలబడి ఉన్నా సరే, అన్న చెప్పే జవాబు ఒకటే. "మా ఇంట్ల జేస్తం." ఇల్లు చేస్తుందట. ఇంటికి చేతులున్నాయా?

పోయినసారి సీతాఫలాల కాలంలో మా ఆడబిడ్డ చీరల మూటతో వచ్చి మా ఇంట్లో దిగింది. ఆమెకు అరవై దాటాయి. సిరిసిల్ల మగ్గాల చీరలను ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతుంది. కరెంటు బిల్లు ఫోన్‌లో, గ్యాసు ఫోన్‌లో, బీపీ మాత్రలు ఫోన్‌లో, కొండగట్టు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఫోన్‌లో. ఫోన్ ముట్టుకున్నప్పుడల్లా నా వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపు కూడా నేను గుర్తు పెట్టుకున్నాను.

"ఏందే మర్దలా, ఇంక మీ అన్న దుకాణానికే మోస్తున్నవా?" అంది. "గీ వెబ్‌సైటు చూడు. చేతిపనులోళ్లందరు దీంట్ల వెడుతుండ్రు."

"నాకు గవన్ని తెల్వయి వదినె."

"నాకేమన్న కడుపుల నుంచే తెలుసా? ఇటు రా, కూసో."

ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. ఒక మట్టి కూజా ఫొటో. దాని కింద సన్నటి అక్షరాలతో 'తయారుచేసినవారు' అని ఉంది, పక్కన ఒకామె పేరు, చిన్న ఫొటో. నేను కూజాను చూడలేదు. ఆ పేరునే చూస్తూ ఉండిపోయాను.

"గీడ ఎవల పేరు వెడుతరు?"

"చేసినోళ్లది."

"చేసినోళ్లదేనా? దుకాణపోళ్లది గాదా?"

"చేసినోళ్లదే అంటున్న గదనే. చెవులు వినవడ్తలేవా?"

నాకు చెవులు బాగానే వినపడతాయి. ఆ మాట ఇంకోసారి వినాలని అడిగాను.

ఆ పూటే నా పేరుతో ఖాతా తెరిచాం. అప్పుడే చేసి ఆరబెట్టిన సీతాఫలాలున్నాయి. నేను చేసిన వాటిలో అంత బాగా కుదిరినవి లేవనే చెప్పాలి. ఒక్కో కన్నునూ లప్పంతో విడిగా పెట్టి, కన్నుల మధ్య గీతల్లో పండు మగ్గేటప్పుడు వచ్చే ఆ పసుపు తెలుపు రంగు తెప్పించాను. వాటిని వెదురు చాటలో పేర్చాను. బాపు చేసినట్టే నీళ్లు చిలకరించాను. పెరట్లో నుంచి ఆకులు తెచ్చి గుచ్చాను. ఆడబిడ్డ బల్ల ఎక్కి పైనుంచి ఫొటో తీసింది. వస్తువు పేరు అడిగితే, మా ఇంట్లో ఎప్పుడూ అనే మాటే చెప్పాను. సీతాఫలాలు. ఆమె అదే కొట్టింది.

ఆమె కరీంనగర్ బస్సెక్కిన మర్నాడు నా ఫోన్‌కు కబురు వచ్చింది. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "మీ వస్తువు తిరస్కరించబడింది. త్వరగా పాడయ్యే ఆహార పదార్థాలు ఈ విభాగంలో అమ్మరాదు. ఆహార అనుమతి పత్రం, గడువు తేదీ జతచేయండి."

నేను మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. తర్వాత కళ్లద్దాలు తీసి నవ్వాడు.

"పండే అనుకున్నదే అది. మీ బాపు ఉంటే ఎంత సంబరపడుతుండెనో."

నాకు నవ్వు రాలేదు. అది నన్ను పొగిడిందో తిట్టిందో తెలియలేదు. పొగిడితే లోపలికి రానివ్వాలి కదా. తిడితే పండని ఎందుకంటుంది? పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆడబిడ్డకు ఫోన్ చేస్తే ఆమె కూడా ముందు నవ్వింది. తర్వాత, ఆ వెబ్‌సైటులో కింద మూలన ఒక గుండ్రటి గుర్తు ఉంటుందని, దాన్ని నొక్కి ఫిర్యాదు రాయమని చెప్పింది. ఫిర్యాదు అనగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నీళ్ల ట్యాంకు మీద, రేషన్ బియ్యం మీద, బెల్లంపల్లి క్వార్టర్ కప్పు మీద నేను రాసినన్ని ఫిర్యాదులు మా వాడలో ఎవరూ రాయలేదు. గుర్తు నొక్కాను.

"నమస్కారం! నేను మీ సహాయకురాలిని. మీకు ఎలా సాయపడగలను?"

నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. "ఇది పండు కాదు. చెక్క."

"అర్థమైంది. మీ పండు చెక్కలాగా గట్టిగా ఉంది. పచ్చి సీతాఫలాలను బియ్యంలో పెడితే త్వరగా మగ్గుతాయి."

"నేను కొనలేదు. నేను చేసి అమ్ముతున్న."

"చాలా సంతోషం! అమ్మకందారులు తమ పండ్లకు గడువు తేదీ తప్పక తెలపాలి."

గడువు తేదీ! బాపు చేసిన దానిమ్మ ఒకటి మా దేవుని అరలో ఉంది. బాపు పోయాడు, మా అవ్వ పోయింది, బెల్లంపల్లిలో మా ఆయన పనిచేసిన బాయి మూతపడింది. దానిమ్మ అట్లాగే ఉంది. దానికి ఏ తేదీ వేయమంటారు? "ఎన్నటికీ పాడు కాదు" అని రాశాను.

"క్షమించండి. ఆ తేదీ చెల్లదు. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఇన్నాళ్లూ నన్ను చిన్నబుచ్చిన ప్రతి మనిషికీ ఒక ముఖం ఉంది. రేషన్ దుకాణం వాడి ముఖం, కంపెనీ ఆఫీసు గుమాస్తా ముఖం, కళ్లు మూసుకుంటే వస్తాయి. ఈమెకు ముఖం లేదు. ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఆ వారమంతా మా ఆయన మీద పెట్టుకున్నాను.

తర్వాత పేరు మార్చి పెట్టాం. 'పొనికి చెక్కతో చేసిన సీతాఫలం' అని రాశాను. అట్లా రాస్తుంటే బాపు వెనుక నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. పూర్తయిన పండును చెక్క అనడం మా ఇంట్లో నేనే మొదలుపెట్టాను. ఆకులు తీసేశాను, నీళ్లు తుడిచాను, పాత పేపరు మీద పెట్టి, పక్కన ఉలి, ఆకురాయి కూడా పెట్టి ఫొటో తీశాను. ఈసారి వచ్చిన కబురు ఇంకా ఘాటుగా ఉంది. "వివరణకు, ఫొటోకు పొంతన లేదు. తప్పుడు సమాచారం ఇచ్చే అమ్మకందారుల ఖాతాలు మూసివేయబడతాయి."

అంటే నేను నిజం పండ్లను చెక్క పండ్లని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నానట! ఇన్నేళ్లలో నన్ను రంగులేసేదన్నారు, ఇంట్ల చేస్తరన్నారు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు.

మేము అద్దెకున్న ఇంట్లోనే ముందు గదిలో ఒక సైన్సు టీచరమ్మ కూడా ఉంటుంది. నా గోడు విని ఆమె తన ఫోన్ తెచ్చింది. అందులో ఒక యాప్ ఉంది. చెట్టుకో కాయకో చూపిస్తే అదేమిటో చెబుతుంది, దాంతో బడి పిల్లలకు పాఠాలు చెబుతుందట.

"ఇది బాగా తెలివైంది అమ్మా. మొన్న బడి ఎనుక పిచ్చి మొక్కను చూపిస్తే వంశంతో సహా చెప్పింది. చూద్దాం పట్టుండ్రి."

నా సీతాఫలాన్ని దాని ముందు పట్టుకున్నాను. అది కొంచెం ఆలోచించి చెప్పింది. సీతాఫలం. నోరు తిరగని శాస్త్రీయ నామం ఒకటి. ఏయే విటమిన్లున్నాయో చెప్పి, కింద ఇంకో మాట కూడా చెప్పింది: బాగా పండింది, రెండు రోజుల్లో తినాలి.

టీచరమ్మ కళ్లు పెద్దవి చేసింది. "అమ్మా, ఇగో మీకు సర్టిఫికెట్ వచ్చినట్టే!"

"గీ సర్టిఫికెట్ వల్లనే గద బిడ్డా నా పని ఆగింది."

ఆమె ఉత్సాహం తగ్గలేదు. రైతుల కోసం పంటల తెగుళ్లు చెప్పే యాప్ కూడా ఉందని, నా కాకరకాయను దానికి చూపించింది. కాకరకాయ కొనవైపు పచ్చదనం పసుపులోకి తిరిగేలా రంగు వేయడం నాకు ఎంతో కష్టపడితే వచ్చిన పని. ఆ యాప్ చూసి, మొక్కకు పోషకాలు తక్కువయ్యాయి, ఎరువు వేయండి అంది. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కాకరకాయను తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆమె మీద కోపం లేదు. కొద్దిగా ఉంది.

దీపావళికి ముందు మా ఆడబిడ్డ మళ్లీ చీరలతో దిగింది. చెప్పులు విడవకముందే అడిగింది.

"ఏమాయెనే నీ పండ్ల పంచాయితి?"

"ఏమైతది? దొంగనన్నది."

"ఊకె ఏడువకు. ఇట్లగాదు గని, నువ్వు చాయ్ పెట్టు."

నేను చాయ్ పెట్టడానికి పోయాను. మా ఆయన పాలు తేవడానికి వీధి చివరికి పోయాడు. పాలు కాగేసరికి మా ఆడబిడ్డ నా పని బల్ల దగ్గర కూర్చుని, అరగదీసి పెట్టిన మామిడికాయ ఒకటి తీసుకుని, నా కుంచెతో, నా రంగుతో దాన్ని పసుపు చేసింది. బుగ్గ మీద ఎర్రగా ఒక మచ్చ వేసింది, పిల్లల బొమ్మల పుస్తకంలో వేసినట్టు. వేలిముద్రలు అట్లాగే ఉన్నాయి. తొడిమ దగ్గర చెక్క తెల్లగా పళ్లికిలించింది. తడి ఆరకముందే దాన్ని నా ఫోన్‌తో ఫొటో తీసి, నా ఖాతాలో ఎక్కించింది. నేను చాయ్ గ్లాసులు తెచ్చేసరికి ఫోన్ మోగింది. "అభినందనలు! మీ చెక్క బొమ్మ ఆమోదించబడింది."

"సూసినవా!" అని ఆమె తొడ చరుచుకుంది. "ఒక్క దెబ్బకు ఎక్కింది."

నిజం చెప్పాలి. మొదట నాకు కనిపించింది మామిడికాయ కాదు. 'తయారుచేసినవారు' అన్న మాట పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా. దాని పక్కన ఆధార్ కార్డులో లాంటి నా ముఖం. గ్లాసులు కింద పెట్టి ఆ పేరును మళ్లీ చదివాను. ఆ తర్వాత పైన ఉన్న మామిడికాయను చూశాను.

"వదినె, గిదేంది?"

"మామిడికాయనే."

"గిది మామిడికాయనా? దీన్ని చూస్తె మామిడిచెట్టు ఉరివెట్టుకుంటది. తీసెయ్."

"తీసెయ్యుడేంది? అవతల ఒప్పుకున్నరు."

"నేను చేసింది గాదు. నా పేరెందుకున్నది?"

"పేరు పేరు అని నా పాణం దీసినవ్. ఇప్పుడు పేరొస్తె తీసెయ్యుమంటున్నవ్. నీకేం గావాలనే?"

 ఆమె అలిగి, చాయ్ సగమే తాగి, చీరలు పట్టుకుని కరీంనగర్ బస్సుకు పోయింది. పోతూ పోతూ ఆ ఫొటోను కుటుంబం గ్రూపులో పెట్టింది. కింద ఏం రాసిందో మా ఆయన చదివి వినిపించాడు. "మా మర్దలు చేసింది. అందరు చూడుండ్రి."

చేసింది. ఇన్నేళ్లు నేను ఏ మాట కోసం పోరాడానో, ఆ మాట రానే వచ్చింది. కానీ నేను చేయని దాని మీద వచ్చింది. మేనకోడళ్లు దండాల బొమ్మలు పెట్టారు, పూల బొమ్మలు పెట్టారు. వాళ్లలో ఒక్కరికీ ఆ మామిడికాయ మీద అనుమానం రాలేదు.

మా అన్న గ్రూపులో ఏమీ పెట్టలేదు. సాయంత్రం దుకాణం కట్టేసి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఆయన మా ఇంటికి ఊరికే వచ్చే మనిషి కాదు. కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ చూసి, నా చేతులను చూశాడు.

"చెల్లె, పాణం మంచిగుంటలేదా?"

"నాకేమైంది?"

"చెయ్యి వణుకుతున్నదా? చెప్పద్దా మరి? డాక్టర్ కాడికి పోదుము గదా."

గ్రూపులో ఆ మామిడికాయను చూసి వచ్చాడన్నమాట. "అన్నా, గది నేను చేసింది గాదు. మా వదినె పని."

"నీ పేరున్నది గద చెల్లె."

"పేరున్నది గని…"

"నీ చేతి పని నాకు తెల్వదా అని నేను గూడ అనుకున్న. మల్ల పేరు చూసిన. వయసు మీద పడ్డది గావచ్చు అనుకున్న."

నా చేతి పని ఆయనకు తెలుసట. అంటే ఇన్నేళ్లు కొనేవాళ్లు అడిగినప్పుడు కూడా తెలుసు. ఆ మాట మీద కొట్లాడాలని నోరు తెరిచాను. కానీ ఆయన ముఖంలో నిజంగానే దిగులు కనిపించింది. దానితో ఏం చేయాలో తెలియక చాయ్ తాగుతావా అని అడిగాను. తాగి వెళ్లిపోయాడు. కొట్లాట మిగిలిపోయింది. దాన్ని మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున్నే కరీంనగర్‌కు ఫోన్ చేశాను.

"వదినె, ఆ కాయను తీసుడు ఎట్లనో చెప్పు."

"తీస్తె ఖాతా ఖాళీ అయితది. మల్ల నీ పండ్లు వెడుతవ్, మల్ల వద్దంటరు, ఈసారి మూసేస్తరు. ఎవలు కొంటరో కొననియ్యే. నీ సీతాఫలాలు మీ అన్న అమ్ముతడు."

"పేరు ఒకదాని మీద, పని ఒకదాని మీదనా?"

"నీతోని మాట్లాడుడు కన్న కొండగట్టు మోకాళ్ల మీద ఎక్కుడు నయం," అని పెట్టేసింది.

నేను మధ్యాహ్నం దాకా ఏ పనీ ముట్టుకోలేదు. ఎంత బాగా చేస్తే అంతగా వద్దంటారు. చెడగొడితే రమ్మంటారు. వాళ్లకు చెక్క కనిపించాలి. మా బాపుకు చెక్క కనిపించకూడదు. బాపు లేడు, వాళ్లు ఎక్కడున్నారో తెలియదు. మధ్యలో నేను. కొంచెం చెడగొట్టి చేయవచ్చు కదా, అడుగున గోరంత రంగు వదిలేస్తే చాలు కదా అని మా ఆయన అన్నాడు. కూర్చుని ప్రయత్నించాను కూడా. కుంచె అడుగు దాకా పోయి అక్కడ ఆగాలి. చేయి ఆగలేదు. పూసేసింది.

చివరికి లేచి, ఆ చాటలో ఉన్న సీతాఫలాల్లో బాగా కుదిరిన దాన్ని తీసుకున్నాను. గూట్లోంచి సన్న పళ్ల రంపం తెచ్చాను.

"ఏంజేస్తున్నవే?"

"పట్టుకో గట్టిగ."

"మంచిగున్నదాన్ని ఎందుకు కోస్తవే? ఇంకోటి తీస్కో."

"మంచిగున్నదే గావాలె."

మా ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. బాయిలో పంకా ఆగకుండా చూసిన చేతులు, వణకలేదు. రంపం రంగు దాటేటప్పుడు గరగరమంది, చెక్కలోకి దిగాక చప్పుడు మెత్తబడింది. పొనికి చెక్క ఎంత తేలికో. తెల్లటి పొట్టు మా ఆయన లుంగీ మీద రాలింది. రెండు చెక్కలైంది. లోపల అంతా పాల రంగు. అంచు చుట్టూ లప్పం గీత, దాని మీద సుద్ద గీత, దాని మీద వెంట్రుక మందాన రంగు. నేను చేసిన పండు లోపలిని నేను ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన పని రాలేదు.

రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి, ఒకటి కోసిన వైపు, ఒకటి తొక్క వైపు కనిపించేలా ఫొటో తీశాను. టీచరమ్మ ఎక్కించింది. సాయంత్రానికి ఆమోదం వచ్చింది. అభినందనలు, మీ చెక్క బొమ్మ, అవే మాటలు. కింద నా పేరు. ఈసారి పైకి చూడాలంటే భయం వేయలేదు. ఆ వెంటనే మామిడికాయను తీయించాను. ఆడబిడ్డ చూసి ఒక్క మాట రాసింది. "పంతం." పొగిడిందో తిట్టిందో ఇదీ తెలియలేదు.

కొద్ది రోజులకు ఒక ఆర్డరు వచ్చింది. ఎక్కడో దూరం ఊరు. ఒక సీతాఫలం. అప్పుడు మళ్లీ చిక్కు. కొన్నాయనకు కావలసింది నిండు పండా, కోసిన పండా? ఆ గుండ్రటి గుర్తు నొక్కి అడిగాను.

"వస్తువు ఫొటోలో ఎలా ఉందో అలాగే పంపాలి. వేరుగా ఉంటే కొనుగోలుదారు తిప్పి పంపవచ్చు. మీ పండ్లు తాజాగా చేరాలని కోరుకుంటున్నాము!"

అంటే కోసిందే పంపాలి. ఆయన కోసినదాన్ని చూసి ముచ్చటపడి కొన్నాడా, లేక కోసి ఉన్నా పరవాలేదని కొన్నాడా, నిండు పండే వస్తుందనుకుని కొన్నాడా, ఎవరు చెబుతారు? ఆ రెండు ముక్కలను ముందు పెట్టుకున్నాను. కోసిన ముఖం తెల్లగా, నునుపుగా, ఖాళీగా ఉంది. మా ఇంటి పండ్ల మీద పేరు రాసే చోటు ఎప్పుడూ లేదు. రాద్దామన్నా ఎక్కడ రాస్తాం, అంతా పండు తొక్కే కదా. సన్న కుంచె తీసుకుని, నల్ల రంగులో ముంచి, ఒక ముక్క లోపల నా పేరు రాశాను. కింద మా బాపు పేరు రాశాను. అన్న పేరు రాయలేదు.

ఆరాక రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించాను. కన్నుకు కన్ను కలిసింది, కోసిన గీత కన్నుల సందుల్లోకి పోయి కనపడలేదు. మగ్గిన సీతాఫలమే. తెల్ల దారంతో చుట్టి ముడి వేశాను.

మా ఆయన అట్టపెట్టె తెచ్చి, పండును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇంత కొట్లాడి పేరు రాస్తివి. మల్ల అది అగుపడకుంట కట్టినవేందే? కొన్నాయనకు దారం ఇప్పి చూడాలని ఎట్ల తెలుస్తది?"

నాకు తెలియదు. పెట్టెలో గడ్డి పరిచి, దాన్ని తొడిమ పైకి ఉండేలా పెట్టమని చెప్పాను.